బందునాటి క్యాసెట్

మొన్న ఒక పిలగాడు నాకు బుద్ధి చెప్పిండు. మొఖం చూసింది లేదు, ఊరు తెల్వదు, ఇంటర్నెట్ల పరిచయం. కొత్తగ విడుదలైన మెటల్ ఆల్బంలు, ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బంలు విని ఎవలకు తోచింది వాళ్ళు రాసుకునే జాగ ఒకటున్నది. కాలేజీ లైబ్రరీల ముప్పై ఏండ్లు పుస్తకాలు సర్ది, రిటైరై జగిత్యాలల కూసున్న నాకు రోజూ అదే పని. పేరున్న బ్యాండ్ల జోలికి నేను పోను. వాళ్ళను మోసెటోళ్ళు మస్తుమంది ఉన్నరు. నేను పట్టుకునేది ఎవలూ పట్టించుకోనోళ్ళను. ఏదో చలిదేశంల, రేకుల షెడ్డుల వాయించుకొని, సొంతంగ విడుదల చేసుకొని, ఎవలన్న వింటరా అని ఎదురుచూసెటోళ్ళను. గసొంటి ఒక కొత్త ఆల్బం మీద మొన్న గిట్ల రాసిన: ‘మొదటి పాట సాగదీసిన్రు. డ్రమ్ములు కొట్టెటాయనకు పాట మీద కన్న తన చేతుల మీదనే ప్రేమ ఎక్కువున్నది. పాడెటాయన ఒర్రితె మనకు కోపం రావాలె, గని ఈయన ఒర్రితె గొంతునొప్పికి మందియ్యాలె అనిపించింది. నాలుగో పాట కాడ బందు చేసిన.’ దాని కింద గా పిలగాడు రాసిండు: ‘అంకుల్, మొత్తం వినకుండా అభిప్రాయం రాయకండి. అసలు సంగతి ఆఖరి పాటలో ఉంది.’

నాకు ఒళ్ళు మండింది. నేను మెటల్ వినుడు మొదలువెట్టిన నాటికి మీ బాపుకు సుత పెండ్లి కాలే కొడుకా అని రాద్దామనుకున్న. రాసి, చెరిపేసి, మల్ల రాసిన. గంతల వాడే ఇంకో ముక్క పెట్టిండు. ‘ఇది పాతది, ఎవరికీ తెలీదు. మొదటి నుంచి చివరి దాకా వినండి, అప్పుడు మాట్లాడదాం’ అని ఒక ఆల్బం, దాని బొమ్మతోని సహా. నీళ్ళ నడుమ ఒక నిచ్చెన నిలవడి ఉంటది. నిచ్చెన కొస మీద తెల్లకోడి. గా బొమ్మ చూసినంక నాకు కోపం పోయింది, రాసుడు పోయింది, ఫోను బల్ల మీద బోర్ల పెట్టిన. గా ఆల్బం నేను మొత్తం విన్న. ఒకటే ఒకసారి, సిరిసిల్లల, ఇరవై రెండేండ్ల వయసుల. దాని గురించి ఇప్పటిదాక ఎవలకూ చెప్పలే.

మా ఇల్లు సిరిసిల్లల సాంచాల గల్లీల ఉండేది. సాంచాలంటె మరమగ్గాలు. మా బాపుకు నాలుగుండేటివి, ముందటర్రల. పక్కింట్ల ఆరు, ఎదురింట్ల ఎనిమిది. పొద్దుగాల మొదలైతె రాత్రి దాక అదే సప్పుడు. మేము మాట్లాడుకునుడు ఉండకపోయేది, అరుచుకునుడే. పరాయి ఊరోళ్ళు మా ఇంటికొచ్చి ‘మీరు గింత గట్టిగ ఎందుకు కొట్లాడుకుంటున్రు’ అని అడిగేది, మేమేమో కూర బాగున్నదని చెప్పుకుంటుంటిమి. కరెంటు పోయినప్పుడు మాత్రం గల్లీ మొత్తం ఒక్కసారి ఆగేది. గప్పుడు మనుషుల అసలు గొంతులు బయటికొచ్చేటివి. ఎవలిది సన్నగుంటది, ఎవలిది బొంగురు, గప్పుడే ఎర్కయ్యేది. ఇండ్లల్ల ఏదన్న మెత్తని ముచ్చట చెప్పుకోవాల్నంటె కరెంటు పోవాలె. లేకుంటె బందు రావాలె. గా ఏండ్లల్ల బందులకు కొదువ లేదు. అన్నలు, అదే నక్సలైట్లు, పిలుపిచ్చిన్రంటె బస్సులు బందు, దుకాండ్లు బందు, సాంచాలు బందు. పొద్దంత ఊరు గమ్మునుండేది. పిలుపిచ్చినోళ్ళకు ఏం దొరికిందో నాకు తెల్వదు గని, మా గల్లీ ఆడోళ్ళకు మాత్రం కడుపునిండ మాట్లాడుకునే దినం దొరికేది.

మా అక్కను కోరుట్లల ఇచ్చినం. బావది సుత సాంచాల ఇల్లే, నెమ్మదస్తుడు, మాట తక్వ. పెండ్లయిన రెండో ఏడు ఒకనాడు నలుగురు అన్నలు వాళ్ళింటికొచ్చి అన్నం అడిగిన్రు. పెడితె ఒక తిప్పల, పెట్టకుంటె ఇంకో తిప్పల. బావ వాళ్ళమ్మ పెట్టింది. వారం తిరుగకముందే బావను పోలీసు ఠాణకు పిలిచిన్రు. అప్పటిసంది వారం వారం పోయి సంతకం పెట్టి రావాలె. పోయినప్పుడల్ల పొద్దంత బయట బెంచీ మీద కూసోబెట్టేది. ఆయనకు గది సావుకన్న ఎక్వైంది. ఏడాది ఓర్చుకొని, కాయితాలు పట్టుకొని దుబాయ్ దిక్కు పోయిండు. ఇంట్ల మగదిక్కు లేదు, పోలీసోళ్ళు వచ్చిపోతున్రని బాపు అక్కను సిరిసిల్లకు తోల్కచ్చిండు. అక్కకు చదువు రాదు. ఉత్తరమంటె నేను రాయాలె, నాకు చెప్పుకుంట మొగనికి ఏం చెప్పుకుంటది. గందుకే మా దిక్కు దుబాయ్ పోయినోళ్ళ ఇండ్లల్ల నడిచే తీరే మా ఇంట్ల సుత నడిచింది. క్యాసెట్ల మాట్లాడి పంపుకునుడు. సెలవు దొరికి చుట్టీ మీద వచ్చెటోళ్ళ చేతికిస్తె వాళ్ళు తెచ్చేది, వాపసు పోయెటప్పుడు మన జవాబు కొంటపోయేది.

ఇగ నా కథ ఇక్కడ మొదలైంది. బావ పని చేసేది ఒక గోదాంల. దాంట్లనే ఒక పాటల దుకాణపాయన అమ్ముడుపోని క్యాసెట్లు కుప్పవోసేది. అన్నీ కొత్త ఆల్బంలే, గని పేరు లేని బ్యాండ్లు, ఎవడు కొంటడు. పారేసెటివి బావ తెచ్చుకొని, మల్ల రికార్డయ్యెటట్టు మూలకున్న బొక్కల కాయితం ముక్క కుక్కి, వాటి మీదనే మాట్లాడి పంపేది. ఒక దిక్కు అక్కకు, ఇంకో దిక్కు మా అందరికి. అక్క ఒక్కతే అర్రల కూసోని తన దిక్కు విన్నంక మాది మేము వినేది. ‘అవ్వా, నీ మోకాళ్ళు ఎట్లున్నయే. మామా, పాణం పైలం. బామ్మర్దీ, మంచిగ సదువు’ అని నెమ్మదిగ చెప్పి బావ ఆగిండంటె చాలు, టప్పున ఒక చప్పుడై, లోపటికెంచి డ్రమ్ములు, గిటార్లు, ఒకడు పాణం పోయెటట్టు ఒర్రుడు. బావ మాటలు ఎక్కడ అయిపోయినయో, అసలు ఆల్బం అక్కడికెంచి అందుకునేది. అవ్వంటె మా అమ్మ, మొదటిసారి దడుసుకొని చెంబు ఇడిసిపెట్టింది. బాపు ‘బందు చెయ్యిరా’ అన్నడు. నేను చెయ్యలే. సాంచాల నడుమ పుట్టి పెరిగినోనికి సప్పుడు కొత్త కాదు, గని సప్పుడును ఎవలన్న గంత ఇష్టంతోని పెంచి, మడతపెట్టి, మల్ల ఇప్పుతరని నాకు అప్పటిదాక తెల్వదు.

అప్పటికెంచి నాకు రంధి పట్టుకున్నది. నా తిప్పలు జర మీరే చూడున్రి. నేను విన్న ప్రతి ఆల్బంకు మొదలుండదు. రెండు దిక్కుల బావ మాట్లాడినంక మిగిలిన తోకలే నాకు. ఒక్కోసారి పాటన్నర, ఒక్కోసారి ఐదు నిమిషాలు. పోనీ అదన్న ఉంటదా అంటె, వాపసు పోయెటోళ్ళు రాంగనే అక్క దాని మీదనే జవాబు మాట్లాడి పంపాలె. బర్రె ఈనిన ముచ్చట, మేనత్త కొడుకు పెండ్లి ముచ్చట ఎక్కంగ ఎక్కంగ గా బ్యాండు మొత్తం చెరిగిపోయేది. బ్యాండు పేర్లు ముండ్ల లెక్క వంకరటింకర అక్షరాలు, చదువరాకపోయేది. బొమ్మను బట్టి నేనే పేర్లు పెట్టుకున్న. చెరిగిపోకముందే ఒక నోటుబుక్కుల అభిప్రాయం రాసిపెట్టుకునేది. ‘ముండ్ల అక్షరాలోళ్ళు: గిటారాయన వాయించుడు నేర్చిండు గని ఆపుడు నేర్వలే.’ ‘గుడ్లగూబ బొమ్మోళ్ళు: పాణం పైలం అని బావ అన్నంక ఈయన ఒర్రుడు మొదలువెట్టిండు. మొదట్ల ఏం జరిగిందో తెల్వకుంట ఈయన కోపం న్యాయమో కాదో ఎట్ల చెప్పాలె.’ ‘మంచుకొండోళ్ళు: పియానో మంచిగున్నది. పాటకు ముందట బావ దగ్గుడు సుత తాళంలనే పడ్డది.’ గివి ఎవలకు చూపియ్యాలె? జగిత్యాల కాలేజీల నా తోటోళ్ళకు చెప్తె సినిమా పాటలు వినరాదురా అన్నరు.

ఒక్కడే ఒక్కడు విన్నడు. మా సాంచాలు బాగు చేసే జాబరు మామ. సప్పుడు విని రోగం చెప్పెటాయన. ఒక కరెంటు లేని పూట బ్యాటరీల మీద ఆయనకు ఒక బ్యాండును వినిపించిన. కండ్లు మూసుకొని విన్నడు. ‘ఏడో దెబ్బ కాడ తప్పుతుండు పిలగాడు. దారం మోసే నాడెను కొట్టే కట్టె వదులైతె గిట్లనే అయితది’ అన్నడు. తప్పుడు కాదు మామా, ఏడు దెబ్బలకు ఒక సుట్టు, కావాల్ననే గట్ల కొడుతున్రని చెప్పిన. వేళ్ళ మీద లెక్కవెట్టుకొని మల్ల విన్నడు, ఇంకోసారి వినిపియ్యమన్నడు. ‘కావాల్నని సెడగొట్టుకున్న సాంచకు నేనేం జెయ్యాలె’ అని లేచిపోయిండు. ఇన్నేండ్లల్ల నేను ఎంతమంది రాతలు చదివిన్నో, ప్రోగ్రెసివ్ రాక్ గురించి అంతకన్న సూటిగ చెప్పినోడు నాకు తగలలే.

గీ రంధి నడుమనే, కోరుట్లాయన ఒకడు చుట్టీ మీద వచ్చి రెండు క్యాసెట్లు ఇచ్చిండు. ఒకదాంట్ల బావ మాటలు. ఎప్పటి తీరే అక్క ఒక్కతే విని, అటెనుక కండ్లు తుడుచుకొని ఈసారి నన్ను సుత పిలిచి వినిపించింది. బావ చెప్పిన సంగతి ఇది. కాంట్రాక్టు అయిపోతున్నది. కోరుట్ల ఠాణల ఇప్పుడు సంతకాలు అడుగుతలేరని ఎవలో చెప్పిన్రు, గని నమ్మకం లేదు. ‘రమ్మంటె వస్త. ఉండమంటె ఇంకో రెండేండ్లకు రాసిస్త. నాకేం తోస్తలేదు. నువ్వేం జెప్తె గదే జేస్త, ఈ రెండో క్యాసెట్ల చెప్పి పంపు’ అన్నడు. గా రెండో క్యాసెట్టే తెల్లకోడి ఆల్బం. బావ దాని మీద ఒక్క ముక్క మాట్లాడలే. మొదటి నుంచి ఆఖరి దాక చెరగకుంట ఉన్న ఆల్బం, నా బతుకుల మొదటిది. అక్క కండ్లల్ల నీళ్ళు నాకు కానచ్చినయి. గని నా చూపు మాత్రం గా కోడి మీదనే ఉండె.

టేపురికార్డరు సంకల పెట్టుకొని మానేరు వాగు దిక్కు పోయిన. ఇసుకల కూసోని మొత్తం విన్న. ఇప్పటికీ ఆల్బం గురించి నా అభిప్రాయం ఇది అని చెప్పుమంటె చెప్పగలుగుత. మొదటి పాటల ఒక చిన్న గిటారు వరుస వస్తది, ఎవలో పక్కర్రల కూనిరాగం తీసినట్టు. తర్వాత వరుసగ లొల్లి, ఎవని దారి వానిదే. ఆఖరి పాటల గా చిన్న వరుస మల్ల వస్తది, ఈసారి అందరు కలిసి దాన్నే పట్టుకుంటరు. మొదలు విననోనికి ఆ ఆఖరు అర్థం కాదు. గన్ని రోజులు తోకలు విన్న నాకు, పాటకు మొదలుంటదని, ఆ మొదలే ఆఖరును మోస్తదని గప్పుడు తెల్సింది. ఏడుపొచ్చింది. ఇంత గొప్పది రేపో మాపో బర్రె ముచ్చట కింద పడి పోతదా అని పండ్లు కొరుక్కున్న.

మరునాడు బందు. వాపసు పోయే కోరుట్లాయనకు ఆ మరునాడు సందకాడ జగిత్యాల బస్టాండుల క్యాసెట్ అందియ్యాలె. బావ మాటలున్నది అక్క పెట్టెల దాసుకున్నది, ఖాళీ క్యాసెట్ ఒకటి కొందామంటె దుకాండ్లన్నీ బందు. గల్లీల పిట్ట సప్పుడు లేదు. అక్క తానం చేసి, తల దువ్వుకొని, లోపలర్రల చాప ఏసుకొని కూసున్నది. ‘తమ్మీ, పెట్టియ్యిరా’ అన్నది. మిషను నడిపేది ఎప్పుడూ నేనే. బటన్లు నొక్కి, దర్వాజ దగ్గరేసి బయటికొచ్చేది. టేపు తిరుగుతున్నదంటె మాటలు ఎక్కుతున్నట్టే అని అక్క లెక్క. నేనేం చేసిన్నంటె, సప్పుడు మొత్తం తగ్గించి, రికార్డు బటన్ ముట్టకుంట వట్టి పాట బటన్ నొక్కిన. తెల్లకోడి ఆల్బం తిరుగుతున్నది, సప్పుడు లేదు. అక్క దాని ముందట కూసున్నది. నేను వాకిట్లకొచ్చి అరుగు మీద కూసున్న. నేను అనుకున్నది ఇంతే. రేపు దుకాండ్లు తెరుస్తరు, ఖాళీది ఒకటి తెస్త, టేపు చిక్కుపడ్డదని చెప్త, అక్క ఇంకోసారి చెప్తది. రమ్మనుడో వద్దనుడో, చెప్పేది ఒక్క ముక్కనే గద. విన్న పాట ఇంకోసారి వినుకున్నట్టే చెప్పిన మాట ఇంకోసారి చెప్పొచ్చు అనుకున్న.

అర్ధగంట మాట్లాడింది అక్క. దర్వాజ అవతలికెంచి గొంతు వినస్తుండె గని మాటలు తెలుస్తలేవు. ఒకసారి నవ్వింది. గా నవ్వు నాకిప్పటికీ యాదికున్నది, ఎందుకంటె మా ఇంటికొచ్చినంక అక్క గట్ల నవ్వంగ నేను వినలే. దర్వాజ తెరిచినప్పుడు మొఖం ఉబ్బి ఉన్నది, గని బరువు దించుకున్న మనిషి లెక్కనే నడిచింది. బావి కాడ మొఖం కడుక్కొని అవ్వ పక్కన కూసోని ‘అవ్వా, దసరకు అస్తడేమోనే’ అన్నది. అవ్వ అక్క తల మీద చెయ్యి పెట్టింది. నేను మిషనుల నుంచి తెల్లకోడిని తీసి, గుడ్డల చుట్టి, నా సంచిల దాసుకున్న.

తెల్లారి సాంచాలన్నీ ఒక్కసారి మొదలైనయి. బందునాడు ఆగిన బట్ట మొత్తం తియ్యాలె గద, గల్లీ అదిరిపోతున్నది. ఖాళీ క్యాసెట్ కొనుక్కచ్చి అక్క చెవుల దగ్గర నోరు పెట్టి చెప్పిన, టేపు చిక్కుపడ్డది, ఒక్క ముక్క ఎక్కలే, మల్ల చెప్పాలె, జెప్పన, బస్సుకు పోవాలె అని. అక్క నా మొఖం దిక్కు చూసింది. ‘మొత్తం పోయిందా’ అన్నది. మొత్తం పోయిందన్న. ‘గీ సప్పుడుల గా ముచ్చట ఎట్ల చెప్పాలెరా’ అన్నది. నాకు బస్సు తొందర. గంటసేపు చూసినం, కరెంటు పోతదేమోనని. రోజూ మూడుసార్లు పోయే కరెంటు గా పూట పోలే. బాపును సాంచాలు జర ఆపుమని అడుగుదామంటె, ఎందుకని అడిగితె అక్క ఏం చెప్పాలె. ఆఖరుకు లోపలర్రలనే కూసోబెట్టి ఈసారి నిజంగ రికార్డు బటన్ నొక్కిన. దర్వాజ వేసినా లాభం లేదు, వినపడాల్నంటె ఒర్రాలె, ఒర్రితె ముందటర్రల బాపుకు, ఇద్దరు పనోళ్ళకు, జాబరు మామకు అందరికీ వినపడతది. ‘అందరం మంచిగనే ఉన్నం,’ అని ఒర్రింది అక్క. ‘అవ్వకు మోకాళ్ళు తక్వైనయి. వానలు మంచిగ పడ్డయి. నా గురించి రంధి పెట్టుకోకు. నీకెట్ల మంచిగనిపిస్తె గట్లనే చెయ్యి.’ ఐదు నిమిషాలు సుత పట్టలే. తనే లేచి దర్వాజ తెరిచింది.

నేను వేములవాడ మీదికెంచి పోయే బస్సెక్కిన. సంచిల రెండు క్యాసెట్లు. జగిత్యాలల ఒక క్యాసెట్ దుకాణపాయన ఉండేది, ఆయనకు తెల్లకోడి వినిపించి గొప్పలు చెప్పుకుందామని దాన్ని సుత పట్టుకున్న. జగిత్యాల ఇంకింత దూరం ఉన్నదనంగ పోలీసోళ్ళు బస్సును ఆపిన్రు. బందు మరునాడు గది మామూలే. గా రోజులల్ల క్యాసెట్ అంటె వాళ్ళకు తుపాకి కన్న ఎక్వ అనుమానం. అన్నల పాటలున్నయేమోనని నన్ను దించి, గుడారంల ఉన్న టేపుల మొదలు అక్క క్యాసెట్ పెట్టిన్రు. అక్క ఒర్రుతున్నది, ఎనుక సాంచాలు. నలుగురు పోలీసోళ్ళు నిలవడి మా అవ్వ మోకాళ్ళ సంగతి విన్నరు. ‘దుబాయ్ ముచ్చట సార్’ అన్నడు ఒకాయన, వాపసిచ్చిండు. తర్వాత తెల్లకోడి పెట్టిన్రు. నడుమ పాట ఒర్రుడు కాడ పడ్డది. జమేదారు చానాసేపు విని, ‘గిది పాట కాదురా, ఎవన్నో కొడుతున్రు’ అన్నడు. కొట్టుడు వినుడు ఆయనకు అలవాటే కావచ్చు. పాటనే సార్ అన్న. ‘దేని మీద పాట?’ అన్నడు. డబ్బ మీది కోడి బొమ్మ చూపెట్టిన. రేపు వచ్చి ఠాణల తీసుకపొమ్మన్నడు. ఠాణకు పోయే ధైర్యం నాకెక్కడిది. గా సందకాడ బస్టాండుల కోరుట్లాయన చేతిల అక్క క్యాసెట్ పెట్టి, నా ఆల్బం పోయిందని ఏడ్సుకుంట ఇంటికొచ్చిన. గా దినం నా దుఃఖమంత దాని గురించే. రాసుకుంటె సిగ్గైతున్నది, గని గంతే.

మూడు నెలలకు బావ జవాబొచ్చింది. ఈసారి అక్క ఒక్కతే వినలే, అందరి నడుమ పెట్టుమన్నది. ‘నువ్వు మంచిగనే ఉన్న అంటివి గద. నీ గొంతు సుత గట్టిగనే ఉన్నది, మనసు నిమ్మలమైంది. గందుకే ఇంకో రెండేండ్లకు రాసిచ్చిన’ అన్నడు. ఆయన మాట ఇంక అయిపోలే, అక్క చెయ్యి సాపి తనే బటన్ నొక్కి ఆపింది. మిషను ముట్టుడు గదే మొదలు. నా దిక్కు చూడలే. లేచి నూలు కండెలు చుట్టుడు కాడికి పోయింది. ఆ క్యాసెట్ల బావ మాటల తర్వాత ఏ బ్యాండు ఉన్నదో నాకు తెల్వదు. నేను వినలే.

రెండేండ్లు పోయి ఇంకో రెండేండ్లైనయి. బావ వచ్చేసరికి కోరుట్లల ఆయనమ్మ లేదు. అక్కకు ముప్పై దాటినయి. ఒక బిడ్డ పుట్టింది, మంచిగ సదివింది, అంతా బాగనే ఉన్నరు. గని వాళ్ళిద్దరిని చూస్తె నాకెప్పుడూ ఒకటే అనిపిస్తది. ఒకరినొకరు నొప్పియ్యరు. ఒకరి మాటకు ఒకరు అడ్డం పోరు. బస్సుల పక్కసీట్ల కూసున్న ఇద్దరు మంచి మనుషులు ఎట్లుంటరో గట్లుంటరు. కొట్లాడుకుంటెనన్న బాగుండు అని నాకెన్నిసార్లనిపించిందో.

గా పిలగాని సలహా చూసిన తర్వాతి ఆదివారం కోరుట్ల పోయిన. బావ పడుకున్నడు. అక్క చిక్కుడుకాయలు తుంచుతున్నది. పక్కన కూసోని మొత్తం చెప్పిన, బటన్ నొక్కకపోవుడు, టేపు చిక్కుపడలేదని, అన్నీ. తిడుతదనుకున్న. తిట్టాల్ననే పోయిన. అక్క తుంచుడు ఆపలే.

‘పాట గంత మంచిగుండెనా’ అని అడిగింది.

ఉండె అన్న. అబద్ధం చెప్పబుద్ధి కాలే.

‘అక్కా, గయ్యాల ఏం చెప్పినవే, గా అర్ధగంట?’

చిక్కుడుకాయ చేతిల పట్టుకొని చూరు దిక్కు చూసింది. ‘యాదికి తెచ్చుకోవాల్నని నేను సుత మస్తుసార్లు చూసిన తమ్మీ. తానం చేసింది యాదికున్నది, ఏ చీర కట్టుకున్ననో యాదికున్నది. ఏడ్చినట్టు యాదికున్నది. మాటలే లేవు’ అన్నది. అంటూ నవ్వింది. గా దినం దర్వాజ అవతల నేను విన్న నవ్వు ఇది కాదు.

లోపట బావ లేచిన అలికిడైంది. అక్క కాయల గంప పక్కకు పెట్టి, చాయ్ పెడుత అని లోపటికి పోయింది. నేను వాకిట్ల ఒక్కన్నే కూసున్న. ఇరవై రెండేండ్లప్పుడు నాకు రెండేండ్లంటె లెక్కనే కాకపోయె. ఇప్పుడు గా నాలుగేండ్లు ఎట్ల గడిపినవే అని అక్కను అడుగుదామనే ఉన్నది, గని అవి సుత యాదికి లేవంటదేమోనని భయమైతున్నది.